తమ్ముడు ‘టాక్సీ డ్రైవర్’ పదేపదే చూస్తున్నాడు, భయపడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదమ్మా. మీ తమ్ముడికి 20 ఏళ్లు, బీటెక్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటాడు. సెలవులకి ఇంటికొచ్చి రాత్రిళ్లు మేలుకుని ‘టాక్సీ డ్రైవర్’ చూస్తున్నాడు, ఇప్పటికి నాలుగైదు సార్లయింది. ఫోన్ వాల్‌పేపర్ కూడా అందులోదే, రెండు పక్కలా గొరిగించి నడినెత్తిన కుచ్చులా జుట్టు వదిలిన ఆ మొహం. మీరు పక్కన కూర్చుని చివరి అరగంట చూశారు. ముగ్గురిని చంపినవాణ్ణి పేపర్లు మెచ్చుకోవడం చూసి మీకు ఒళ్లు జలదరించింది. దీన్ని గొప్ప సినిమా అని ఎందుకంటారు, బ్యాన్ చేయకుండా ఎలా వదిలారు, తమ్ముడి చేతిలోంచి లాక్కోవాలా అని అడిగారు.

నేను 30 ఏళ్లు ఎడిటింగ్ రూములో పనిచేశాను. ఆ తర్వాత నుంచి పిల్లలకి ఎడిటింగ్ చెప్తున్నాను. ఈ సినిమాని ఏటా క్లాసులో వేస్తాను. అందుకని సినిమా ఎంత తెలుసో, దాన్ని చూసే 20 ఏళ్ల కుర్రాళ్ల మొహాలు కూడా నాకు అంతే తెలుసు. ముందు సూటిగా చెప్పేస్తాను: లాక్కోవద్దు. అలాగని మీ భయం ఉత్తదీ కాదు. ఈ సినిమాని తలకెక్కించుకుని నిజంగానే తుపాకీ పట్టినవాడు ఒకడున్నాడు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్తాను.

మీరు మొదటి నుంచి చూడలేదు కాబట్టి కథ కొంచెం చెప్పాలి. సినిమా 1976లో వచ్చింది. దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ, రాసింది పాల్ ష్రేడర్, ట్రావిస్ బికిల్‌గా వేసింది రాబర్ట్ డి నీరో. ట్రావిస్‌కి 26 ఏళ్లు. మెరీన్ దళంలో పనిచేసి బయటికొచ్చాడు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఎలాగూ పట్టని నిద్రే కదా, నాలుగు డబ్బులైనా వస్తాయని న్యూయార్క్‌లో రాత్రి పూట టాక్సీ నడుపుతాడు, సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా, ఒక్కోసారి 8 దాకా. ఊరంతా వెనక సీట్లో ఎక్కి దిగుతుంది, ఒక్కరూ అతనితో మనసు విప్పి మాట్లాడరు. ఎన్నికల ప్రచారంలో పనిచేసే బెట్సీ అనే అమ్మాయి నచ్చుతుంది. సినిమాకి వెళ్దామని చెప్పి ఆమెను బూతు సినిమాకి తీసుకెళ్తాడు. అందులో తప్పేముందో అతనికి నిజంగానే తెలియదు. ఆమె మధ్యలోనే లేచి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఒక హోటల్ గదిలో మంచం మీద పరిచిపెట్టిన తుపాకుల్లోంచి నాలుగు కొంటాడు. వ్యాయామం మొదలుపెడతాడు. అద్దం ముందు నిలబడి తుపాకీ తీయడం ప్రాక్టీసు చేస్తాడు. మరోపక్క, పన్నెండేళ్ల ఐరిస్ అనే పిల్లని చూస్తాడు. ఆ పిల్లని ఒంటి వ్యాపారంలోకి దింపి దాని మీద బతుకుతుంటాడు స్పోర్ట్ అనేవాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ట్రావిస్ చంపడానికి బయల్దేరింది స్పోర్ట్‌ని కాదు. బెట్సీ ఎవరి కోసం పనిచేస్తోందో ఆ నాయకుణ్ణి, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న పాలంటైన్‌ని. జుట్టు అలా గొరిగించుకుని, ఒంటినిండా తుపాకులు కట్టుకుని పగటిపూట బహిరంగ సభకి వెళ్తాడు. చెయ్యి జాకెట్ లోపలికి పోతుండగా సెక్యూరిటీ మనిషి పసిగడతాడు. ట్రావిస్ పారిపోతాడు. అదే రోజు రాత్రి, అవే తుపాకులతో, ఐరిస్ ఉండే బిల్డింగుకి వెళ్లి ముగ్గురిని చంపుతాడు. తర్వాత తననే కాల్చుకోబోతాడు, గుళ్లు అయిపోతాయి. మరుసటి సీన్లో గోడ మీద పేపర్ కటింగులు అంటించి ఉంటాయి. పిల్లని కాపాడిన ధీరుడు. ఐరిస్ తల్లిదండ్రులు కృతజ్ఞతగా ఉత్తరం రాస్తారు.

పగలు పని జరిగి ఉంటే అతను దేశం మొత్తం అసహ్యించుకునే హంతకుడు. రాత్రి జరిగింది కాబట్టి హీరో. మనిషి మారలేదు, తుపాకులు మారలేదు, లోపలి కసి మారలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఒక్కడే మారాడు. మీరు పేపర్ కటింగులు చూసి సినిమా అతణ్ణి మెచ్చుకుంటోంది అనుకున్నారు. సినిమా మెచ్చుకోలేదమ్మా. ఊరు మెచ్చుకుంది. ఊరికి పగటి సంగతి తెలియదు, మనకి తెలుసు. ఆ తెలిసిన సంగతిని గుర్తుపెట్టుకుని చివరి అయిదు నిమిషాలు చూడాలి. మీరు చివరి అరగంటే చూశారు, అతను అక్కడిదాకా ఎలా వచ్చాడో మీకు తెలిసే వీలు లేదు. మీ తమ్ముడు మొత్తం చూశాడు. అతనికి తట్టిందో లేదో అదే మనం కనుక్కోవాలి.

క్లాసులో దాదాపు ప్రతి ఏడూ ఒకటే జరుగుతుంది. క్లైమాక్స్ కాల్పులప్పుడు వెనక వరసలో ఎవరో ఒకరు విజిల్ వేస్తారు. నేను సినిమా ఆపి, లైట్లు వేసి, ఒక్క ప్రశ్న అడుగుతాను. పొద్దున ఆ సెక్యూరిటీ మనిషి తల తిప్పకుండా ఉంటే, ఈ రాత్రి ఇతను ఎక్కడుండేవాడు? రూమంతా నిశ్శబ్దం. విజిల్ వేసిన కుర్రాడి మీద నాకు కోపం రాదు. చిన్నప్పటి నుంచి మన తెలుగు సినిమా అతనికి నేర్పింది అదే. ఆడపిల్ల ఆపదలో ఉంటుంది, హీరో వస్తాడు, పదిమందిని నరుకుతాడు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేస్తుంది, మనం చొక్కాలు చించుకుంటాం. ‘ఎలివేషన్’ అని మనం ముద్దుగా పిలుచుకునేది అదే. ఆ కళ్లతో చూస్తే ఈ క్లైమాక్స్ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. పిల్ల ఉంది, దుర్మార్గుడున్నాడు, రక్షించినవాడున్నాడు. పగటి సీన్ ఒక్కటి మర్చిపోతే చాలు.

దానికి తోడు ఇప్పుడు రీల్స్. మీ తమ్ముడు మొదట ఈ సినిమాని చూసింది కూడా రీల్స్‌లోనే అయ్యుంటుందని నా అనుమానం. అద్దం ముందు ‘నాతోనేనా మాట్లాడుతున్నావ్?’ అనే సీన్‌ని 20 సెకన్లకి కత్తిరించి, కింద దడదడలాడే మ్యూజిక్ పెట్టి, ‘ఒంటరి మగాడు’ అని రాసి వదులుతారు. నా విద్యార్థుల ఫోన్లలో అలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. ఎడిటర్‌గా నాకు కడుపు మండేది అక్కడే. అసలు సీన్‌లో ఏముందో చెప్తాను. స్క్రిప్టులో ఆ మాటలు లేవు, అద్దంలో తనతో తాను మాట్లాడుకుంటాడని మాత్రమే ఉంది. డి నీరో అక్కడికక్కడ కల్పించుకున్నాడు. ఆ వెంటనే ట్రావిస్ గొంతు పైనుంచి వినిపిస్తుంది, ఇక సహించలేని మనిషి ఇదిగో అని లోకానికి ప్రకటన చేస్తున్నట్టు. అతను మన వైపు తిరుగుతాడు, మాట మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ అదే తిరగడం, మళ్లీ అదే డైలాగు మొదటి నుంచి. డైలాగు తప్పిన కుర్రాడు రెండో టేక్ తీసుకున్నట్టు ఉంటుంది. ఎడిటింగులో పొరపాటు కాదది, కావాలని ఉంచారు. ఇరుకు గదిలో ఎదురుగా ఎవరూ లేకుండా రిహార్సల్ చేసుకుంటున్న మనిషి, ఆ రిహార్సల్లో కూడా తడబడుతున్నాడు. రీల్స్ చేసేవాళ్లు ముందుగా కత్తిరించేది ఆ తడబాటునే. అది పోతే మిగిలేది ఎలివేషన్.

ఇంకో షాట్ చెప్పాలి. నేను దీన్ని మొదటిసారి 1990ల్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్ మీద చూసినప్పుడు రివైండ్ చేసి మరీ చూసిన షాట్. బెట్సీ వెళ్లిపోయాక ట్రావిస్ ఒక బిల్డింగ్ నడవాలో గోడకున్న ఫోన్ పట్టుకుని ఆమెను బతిమాలుకుంటుంటాడు. పువ్వులు పంపాను, అందాయా అని అడుగుతాడు. ఆమె గొంతు మనకి వినపడదు, ఒప్పుకోవడం లేదని అతని మాటల్లోనే తెలుస్తుంది. అతను ఇంకా మాట్లాడుతుండగానే కెమెరా మెల్లగా పక్కకి జరుగుతుంది. జరిగి జరిగి ఎవరూ లేని ఖాళీ నడవా మీద ఆగుతుంది. అటు చివర వీధి తలుపు. మాటలు వినిపిస్తూనే ఉంటాయి, మనిషి కనపడడు. కాసేపటికి ఫోన్ పెట్టేసి, అతనే ఆ నడవాలోంచి నడిచి వెళ్లిపోతాడు.

పక్కవాడు అందరి ముందూ ఏడుస్తుంటే మనం తల తిప్పుకుంటామే, ఆ మర్యాద అది. ఆ కెమెరా చూడలేకపోయింది. అదే కెమెరా చివర్లో శవాల మీద మాత్రం తల తిప్పుకోదు. కాల్పులయ్యాక పైకప్పు ఎత్తు నుంచి నిదానంగా గదినీ, మెట్లనీ, గోడ మీది రక్తాన్నీ చూపిస్తూ వీధిలోకి వస్తుంది. కూల్చడానికి సిద్ధంగా ఉన్న ఒక పాత బిల్డింగులో పైకప్పుని కోసి, నెలల తరబడి ఏర్పాట్లు చేసుకుని తీశారు దాన్ని. రెండు షాట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సినిమా ఏం నమ్ముతోందో అర్థమవుతుంది. రక్తం చూడటం తేలిక. ఒంటరివాడి అవమానం చూడటమే కష్టం.

రక్తం మాట వచ్చింది కాబట్టి, మీకు ఆ క్లైమాక్స్ రంగు వింతగా అనిపించి ఉండాలి. ఎరుపు ఎరుపులా ఉండదు, తుప్పు నీళ్లలా ఉంటుంది. అమెరికాలో రేటింగ్ బోర్డు ‘ఎక్స్’ ఇస్తామంది. అదొస్తే అప్పట్లో చాలా థియేటర్లు సినిమాని వేసేవి కావు. ఆ భాగం రంగుని వెలిసిపోయేలా చేసి, దానికంటే ఒక మెట్టు కిందిదైన ‘ఆర్’ రేటింగ్ తెచ్చుకున్నారు. నన్నడిగితే దానివల్ల సీన్ మెత్తబడలేదు, పాత నేరవార్తల పేపర్లో ఫొటోలా ఇంకా దారుణంగా తయారైంది. ఐరిస్‌గా వేసిన జోడీ ఫాస్టర్‌కి షూటింగ్ నాటికి 12 ఏళ్లు. ఆ పాత్ర వేస్తే పిల్ల మనసు చెదరదని మానసిక నిపుణుల పరీక్ష చేయించాకే అనుమతి వచ్చింది. కొన్ని షాట్లలో ఆమె అక్కని పెట్టారు. 1976లో కాన్ చిత్రోత్సవంలో దీనికి పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది. ఆ ఏడాది జ్యూరీ అధ్యక్షుడు, నాటక రచయిత టెనెసీ విలియమ్స్ అయితే తెర మీద ఇంత హింస ఏమిటని బాహాటంగానే బాధపడ్డాడు. మీకు కలిగిన ఏవగింపు కొత్తది కాదమ్మా, సినిమా పుట్టిన నాటి నుంచి వెంట వస్తూనే ఉంది.

రాసినవాడి సంగతి తెలిస్తే మీ తమ్ముడికి ఇది ఎందుకు పట్టుకుందో అర్థమవుతుంది. పాల్ ష్రేడర్ సినిమాలు చూడటమే పాపం అనుకునే మతనిష్ఠ గల ఇంట్లో పెరిగాడు. 17 ఏళ్లు వచ్చేదాకా ఒక్క సినిమా చూడలేదు. పాతికేళ్లు దాటాక లాస్ ఏంజెలెస్‌లో పెళ్లి చెడింది, చేతిలో పని లేదు, ఉండటానికి చోటు లేదు. రాత్రంతా కారులో తిరగడం, తాగడం, కారులోనే పడుకోవడం. కడుపులో పుండు పడి ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ నర్సుతో మాట్లాడుతుంటే, తను వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదని గుర్తొచ్చిందట. అప్పుడు తట్టింది ఆ టాక్సీ, చుట్టూ జనం ఉన్నా ఇనప పెట్టెలో ఒక్కడే ఉన్న మనిషి. బయటికొచ్చి పది రోజుల్లో మొదటి ప్రతి రాసేశాడు. తను అలాంటివాడు కాకుండా ఉండటానికే ఇది రాశానని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అంటే మీరు హింస చూసిన చోట, రాసినవాడు తన ఒంటరితనాన్ని వదిలించుకున్నాడు. మీ తమ్ముడు కూడా రాత్రి రెండింటికి తెర మీద చూసుకుంటున్నది తుపాకీనేనని నేను వెంటనే ఒప్పుకోలేను.

ష్రేడర్‌ని కదిలించిన వార్త ఇంకోటుంది. 1972 మే 15న మేరీలాండ్‌లోని లారెల్‌లో, అధ్యక్ష ఎన్నికల ప్రచారానికి వచ్చిన అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్‌ని ఆర్థర్ బ్రెమర్ అనే 21 ఏళ్ల కుర్రాడు కాల్చాడు. వాలెస్ బతికాడు గానీ నడుము కింద చచ్చుబడిపోయింది. ఆ కుర్రాడు మొదట వెంటపడింది వాలెస్‌కి కాదు, అధ్యక్షుడు నిక్సన్‌కి. దగ్గరికి వెళ్లే సందు దొరక్క వాలెస్‌కి మారాడు.

ఇప్పుడు, ఈ సినిమాని తలకెక్కించుకుని తుపాకీ పట్టాడని మొదట్లో చెప్పానే, అతని సంగతి. జాన్ హింక్లీ. ఈ సినిమాని పదేపదే చూశాడు, జోడీ ఫాస్టర్ మీద పిచ్చి పెంచుకున్నాడు. ఆమె యేల్ యూనివర్సిటీలో చేరితే అక్కడిదాకా వెళ్లి ఉత్తరాలు పెట్టాడు, ఫోన్లు చేశాడు. 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో ఒక హోటల్ బయట అధ్యక్షుడు రేగన్ మీద ఆరు గుళ్లు పేల్చాడు. రేగన్ బతికాడు. ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీ తలలో గుండు దిగి జన్మంతా కుర్చీకే పరిమితమై 2014లో చనిపోయాడు. మర్నాటికి వాయిదా పడ్డ ఆస్కార్ వేడుకలో ఉత్తమ నటుడి బహుమతి తీసుకున్నది రాబర్ట్ డి నీరోనే, వేరే సినిమాకి. కోర్టులో జ్యూరీకి ‘టాక్సీ డ్రైవర్’ వేసి చూపించారు. 1982లో మతిస్థిమితం లేదన్న కారణంతో అతను నిర్దోషి అని తీర్పు వచ్చింది. జైలుకి కాకుండా మానసిక ఆసుపత్రికి పంపారు. ఆ తీర్పు మీద దేశమంతా మండిపడి చివరికి 1984లో చట్టమే మార్చుకున్నారు.

హింక్లీ కూడా మొదట వెంటపడింది రేగన్‌కి కాదు, అంతకు ముందున్న అధ్యక్షుడు కార్టర్‌కి. 1980 అక్టోబర్‌లో కార్టర్ నాష్‌విల్‌లో ఉన్న రోజే ఆ ఊరి ఎయిర్‌పోర్టులో తుపాకులతో దొరికాడు. జరిమానా కట్టించుకుని వదిలేశారు.

బ్రెమర్‌కి నిక్సన్ దొరక్కపోతే వాలెస్. సినిమాలో పాలంటైన్ దొరక్కపోతే స్పోర్ట్. హింక్లీకి కార్టర్ కాకపోతే రేగన్. మధ్యలో ఉన్నది కల్పన, అటూ ఇటూ ఉన్నవి నిజాలు. ఈ ముగ్గురికీ ఎదుటివాడు చేసిన అన్యాయం కారణం కాదు. ఎవరో ఒకరు కావాలి, తను కూడా ఒకడు ఉన్నాడని లోకం గుర్తించాలి. ఇంత చెప్పిన సినిమాని హింక్లీ సరిగ్గా తలకిందులుగా చదువుకున్నాడు. అతనికి కనపడింది ఒక్కటే, కాలిస్తే అమ్మాయి మెచ్చుకుంటుంది అని. సినిమా లేకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. అయితే అతనికి మానసిక జబ్బు ఉందనీ, తుపాకులు కొనుక్కోవడం అక్కడ మందుల షాపుకి వెళ్లినంత తేలికనీ మర్చిపోకూడదు.

2019లో ‘జోకర్’ వచ్చినప్పుడు ఇదే భయం మళ్లీ మొదలైంది. అది కూడా జనం పట్టించుకోని ఒంటరివాడు హంతకుడై, మూక చేత జేజేలు కొట్టించుకునే కథే. ‘టాక్సీ డ్రైవర్’ నీడలోనే తీశారు, అందులో డి నీరోకి కూడా వేషం ఉంది. 2012లో కొలరాడోలోని అరోరా ఊళ్లో బ్యాట్‌మ్యాన్ సినిమా ఆడుతున్న హాల్లో ఒకడు కాల్పులు జరిపి 12 మందిని చంపాడు. ఆ కుటుంబాల వాళ్లు కొందరు ‘జోకర్’ నిర్మాణ సంస్థకి ఉత్తరం రాశారు. ఆ ఊరి థియేటర్లో సినిమా వేయలేదు. వాళ్ల బాధకి నేను తలవంచుతాను. వాళ్లు కూడా సినిమాని నిషేధించమనలేదు. తుపాకుల మీద నియంత్రణ కోసం పోరాడేవాళ్లకి తోడు నిలవమన్నారు.

బ్యాన్ సంగతి మన దగ్గర కోర్టులే చాలాసార్లు తేల్చాయి. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో, సినిమాకి ముందే సెన్సార్ పెట్టడం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దలకి మాత్రమే అని ‘ఏ’ సర్టిఫికెట్ ఇచ్చేది ఆ లెక్క మీదే. 1996లో ‘బాండిట్ క్వీన్’ కేసులో ఇంకో ముఖ్యమైన మాట వచ్చింది. ఒళ్లు జలదరించే సీన్‌ని విడిగా తీసి తూకం వేయకూడదు, మొత్తం కథలో అది ఎందుకుందో చూడాలి అని. నేను రీల్స్ గురించి మొత్తుకునేదీ అదే. మీ తమ్ముడు చట్టప్రకారం మేజర్. మీకు 15 ఏళ్ల తమ్ముడుంటే మాత్రం ఇప్పుడే వద్దనేవాణ్ణి, మొహమాటం లేకుండా. ఆ వయసులో పగటి సీన్ గుర్తుండదు, రాత్రి సీనే గుర్తుంటుంది.

ఇక అసలు చేయాల్సిన పని. దాచేయడం, తిట్టడం, వాల్‌పేపర్ మార్పించడం వద్దు. అలా చేస్తే ఫోన్ తీసుకుని ఇంకో గదిలోకి వెళ్తాడు, మీకు ఉన్న ఆ కాస్త కిటికీ కూడా మూసుకుపోతుంది. మామూలుగా, అన్నం తినేటప్పుడు అడిగినట్టు అడగండి: “ఒరేయ్, ఆ సినిమాలో నీకు బాగా నచ్చిన సీన్ ఏదిరా?” నాకు ఎన్నో ఏళ్లుగా ఈ ఒక్క ప్రశ్నే పనికొచ్చింది. లైటింగ్ అంటాడేమో, రాత్రి వీధుల్లో ఆవిరి, తడి రోడ్డు మీద రంగు దీపాలు, శాక్సోఫోన్ అంటాడేమో. ఆ సంగీతం బెర్నార్డ్ హెర్మన్‌ది, రికార్డింగ్ ముగించిన కొన్ని గంటలకే 1975 డిసెంబర్ 24న ఆయన పోయాడు. అలాంటి జవాబొస్తే మీ ఇంట్లో ఒక సినిమా పిచ్చోడున్నాడు, ఇంకో నాలుగు మంచి సినిమాలు చూపించండి. ఆ ఫోన్ సీన్ అన్నాడనుకోండి, అప్పుడు కాస్త దగ్గరికి జరగండి. క్లైమాక్స్ అంటే, అతణ్ణి పగటి సభ గురించి అడగండి.

నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. ఎవరితోనూ కలిసేవాడు కాదు. సినిమా అయ్యాక అందరూ వెళ్లిపోయినా కూర్చుని, “సార్, ఆ ఫోన్ దగ్గర కెమెరా ఎందుకు పక్కకెళ్లిపోయింది? దానిక్కూడా విసుగొచ్చిందా?” అన్నాడు. ఆ ప్రశ్నకి నేను టెక్నిక్ గురించి పాఠం చెప్పబోయి ఆగాను. టీ తాగుదాం రమ్మన్నాను. బడ్డీకొట్టు దగ్గర గంటన్నర మాట్లాడాడు, ఇంట్లో గొడవల గురించి, హాస్టల్లో జరిగిన అవమానం గురించి. సినిమా ఊసే రాలేదు.

గమనించాల్సినవి కూడా చెప్తాను. సెలవుల్లో రాత్రి మేలుకోవడం వేరు, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం వేరు. స్నేహితుల్ని పూర్తిగా వదిలేయడం, తిండి తగ్గడం, చదువు గాలికొదిలేయడం, ఒక అమ్మాయి పేరో ఒక మనిషి పేరో పట్టుకుని వాళ్ల మీద పగలా మాట్లాడటం, నేనుంటే ఎంత పోతే ఎంత అనడం, కత్తి లాంటిదేదైనా దాచుకోవడం. ఇందులో ఏది కనిపించినా సినిమా చర్చ పక్కన పెట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వెంటనే వెళ్లలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అతని గురించి మీరే ఫోన్ చేసి సలహా అడిగినా తప్పులేదు. నాలుగైదు సార్లు సినిమా చూడటం మాత్రం జబ్బు లక్షణం కాదు. నేను 40 సార్లు చూసి ఉంటాను.

వీలైతే ఒకరోజు అతనితో కూర్చుని మొదటి నుంచి చూడండి. మధ్యలో ఒక సీన్ వస్తుంది, దాని కోసం కాచుకుని ఉండండి. రాత్రి, హోటల్ బయట, టాక్సీల పక్కన. ట్రావిస్ తనకంటే వయసులో పెద్దవాడైన డ్రైవర్‌ని పక్కకి పిలుస్తాడు. అతణ్ణి అందరూ విజార్డ్ అంటారు. ట్రావిస్‌కి మాటలు రావు. తడుముకుని తడుముకుని, నా బుర్రలో చెడ్డ ఆలోచనలు వస్తున్నాయి అంటాడు. రెండు గంటల సినిమాలో అతను సాయం అడిగింది ఆ ఒక్కసారే. పెద్దాయన దుర్మార్గుడు కాదు, ప్రేమగానే ఏదేదో చెప్తాడు. చేసే పనే మనిషవుతుంది, పోయి తాగు, ఎవరితోనైనా తిరుగు, మన చేతిలో ఏముంది, నీకేం కాదులే. ట్రావిస్‌కి ఏమీ అందదు. పెద్దాయన కూడా నేనేమన్నా తత్వవేత్తనా, టాక్సీ తోలుకునేవాణ్ణి అంటాడు. ఆ ‘నీకేం కాదులే’ మన ఇళ్లలో ఎన్నిసార్లు వింటామో మీకు తెలుసు. బాగా చదువుకో, పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు, అన్నీ సర్దుకుంటాయి. నా కొడుకు విషయంలో నేనూ అన్నాను, ఒకటికి పదిసార్లు. ఇప్పటికీ బాధపడతాను.

అక్కడ పాజ్ నొక్కి తమ్ముణ్ణి అడగండి: “ఈ పెద్దాయన ఏమని ఉంటే బాగుండేది?” తొందరపెట్టకండి, మీరు జవాబు అందించకండి. మొదట భుజాలెగరేస్తాడు, ఏమో అంటాడు. కాసేపు ఊరుకోండి. అతను మొదలుపెట్టాడా, ఇక టీవీ వైపు చూడకండి. సినిమాని పాజ్‌లోనే ఉండనివ్వండి.